తిమ్మప్ప తాత పళ్లూ, రెండు సన్న చుట్టలూ

2022 చలికాలం. వనపర్తి బస్టాండు పక్క సందులోని డెంటల్ క్లినిక్కులో నేను టెక్నీషియన్‌ని. ముందు గదిలో డాక్టరమ్మ పళ్లు పీకుతుంది, వెనక గదిలో నేను పళ్లు కడతాను. పేరు ఆమెకు, దుమ్ము నాకు.

వెనక గదిని ల్యాబ్ అంటాం. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, ఉన్నది ఒక బల్ల, ఒక చిన్న మోటారు, ఒక గ్యాసు స్టవ్వు, గోడ పొడవునా తెల్లటి దవడలు. పేషెంట్ నోట్లో మెత్తటి ముద్ద పెట్టి డాక్టరమ్మ తీసే అచ్చు ఇంప్రెషన్. అందులో ప్లాస్టర్ పోస్తే దవడ వస్తుంది. దాని మీద మైనంతో పళ్లు నిలబెట్టి, నోట్లో సరిపోయిందో లేదో చూడటం ట్రయల్. సరిపోతే మైనం తీసేసి, ఆ జాగాలో గులాబిరంగు అక్రిలిక్ నింపి ఉడికిస్తాను. అదే డెంచర్, మన భాషలో కట్టుడు పళ్లు. పై డెంచర్‌కు అంగిలి మొత్తం కప్పే పలక ఒకటి ఉంటుంది, దాన్ని ప్లేట్ అంటాం. ఈ కేసులో మేము మొదట అనుమానించింది ఆ ప్లేటునే.

ఈ పనిలో మనుషులు నాకు దవడలుగానే పరిచయం. మొహం చూసి గుర్తుపట్టలేను, నోరు తెరిస్తే ఊరుతో సహా చెబుతాను. తిమ్మప్ప తాత ఒక్కడే నాకు మొహంతో కూడా గుర్తున్నాడు.

ఆయనది అలంపూర్ దగ్గరి పల్లె. ఆయన చెల్లెలిది వనపర్తే కాబట్టి పళ్ల కోసం ఇక్కడికొచ్చాడు. వృత్తి చుట్టలు చుట్టడం. మామూలు లావు చుట్టలు కాదు, చిటికెన వేలికన్నా సన్నవి. ఘాటు ఆకు కొంత, కమ్మటి ఆకు కొంత కలిపి చుడతాడు. ఏ ఆకు ఎంత కలపాలో చెప్పడానికి కొలతలేమీ లేవు. ఒకటి చుట్టి, ముట్టించి, కళ్లు మూసుకుని పీల్చి, ఘాటు ఎక్కువైతే తగ్గిస్తాడు, తక్కువైతే పెంచుతాడు. ఆ చుట్టలు కొత్తకోట హైవే మీది ఒక దుకాణానికి పోతాయి. లారీ డ్రైవర్లు అడిగి మరీ తీసుకుంటారట.

పళ్లు పెట్టించుకోవాలని పట్టుబట్టింది ఆయన భార్య సవారమ్మ. నోట్లో ఒక్క పన్ను లేక ఆయన జొన్నరొట్టెను పప్పులో నానబెట్టి, ముద్ద చేసి మింగేవాడు. "రొట్టె కొట్టి కొట్టి నా చేతులు పడిపోతున్నయి, ఈయన దాన్ని గంజి చేసుకొని తాగుతుండు," అని ఆమె డాక్టరమ్మ దగ్గర వాపోయింది. సరే, కట్టాం. నా చేతి పని గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, బాగా కుదిరాయి. మొదటిరోజే క్లినిక్కు మెట్ల మీద కూర్చుని పచ్చి ఉల్లిగడ్డ కరకరా నమిలి చూపించాడు. సవారమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి ఉల్లిగడ్డవి కావు.

నెల తిరక్కుండా ఇద్దరూ మళ్లీ వచ్చారు. తాత పళ్లు పెట్టుకునే ఉన్నాడు, మొహం మాత్రం చావు కబురు మోసుకొచ్చినట్టుంది. సరాసరి నా ల్యాబ్‌లోకే వచ్చేశాడు.

"సారూ, గీ పండ్లు నువ్వే కట్టినవా?"

"అవును తాతా, గుచ్చుకుంటున్నాయా?"

"గుచ్చుకుంటే ఓర్చుకుంట. నా నాలుక సచ్చిపోయింది. పండ్లు పెట్టినకాడినుంచి చుట్ట చప్పగైంది. ఘాటు సాలుతలేదని ఆకు పెంచిన. ఇంకా సాలలే, ఇంకా పెంచిన. కొత్తకోట దుకాణపాయన కట్టలన్నీ వాపసు పంపిండు. ఒక డ్రైవరు రెండు దమ్ములు పీల్చి, దగ్గు ఆగక ధాబా మంచం మీద పండుకున్నడంట. ఈ సారి సరుకు గిట్ల సరిగ్గ లేకుంటే ఇంక రావొద్దన్నడు. పండ్లు నువ్వే ఉంచుకో, నా రుచి నాకియ్యి."

పక్కనే నిలబడ్డ సవారమ్మ కొంగు నడుముకు బిగించింది. "పండ్లు తీసేస్తే నేను రొట్టె చెయ్య. గంజి నువ్వే కాసుకో."

విషయం తేలిపోయింది. పళ్లుంటే వ్యాపారం పోతుంది, పళ్లు లేకుంటే వంట ఆగిపోతుంది. కట్టినవాణ్ని నేను కాబట్టి ఇద్దరూ నావైపే చూస్తున్నారు.

డాక్టరమ్మ వచ్చి శాంతంగా వివరించింది. రుచి నాలుకకు తెలిసినా, పొగ అంగిలికి తగలాలి, ప్లేట్ దాన్ని అడ్డుకుంటుంది, కొందరికి ఇలా అనిపిస్తుంది, నెమ్మదిగా అలవాటవుతుంది. పనిలో పనిగా చుట్ట మానేస్తే అన్నిటికీ మంచిదని కూడా అంది.

"తాగుడు కాదమ్మా, గది నా పని," అన్నాడు తాత, అవమానం జరిగినట్టు. "నమ్మకుంటే ఇప్పుడే సూడుండ్రి."

సంచిలోంచి రెండు కట్టలు తీశాడు. ఒకటి పళ్లు రాకముందు చుట్టింది, రెండోది కొత్తకోట నుంచి తిరిగొచ్చింది. క్లినిక్కులో పొగ తాగరాదని బోర్డు పెట్టిందే మేము. అందుకని అందరం వెనక జనరేటర్ షెడ్డులోకి పోయాం. నేను ల్యాబ్ తువ్వాలుతో తాత కళ్లకు గంతలు కట్టాను. ఏ చుట్ట ఏ చేతికిచ్చానో చూసేది డాక్టరమ్మ. ఎండీఎస్ చదివిన మనిషి, రెండు చుట్టల మధ్య అంపైరుగా నిలబడటం అదే మొదటిసారి.

రెండూ నేనే ముట్టించాను. తాత కుడి చేతిది ఒక దమ్ము లాగాడు, ఎడమ చేతిది ఒక దమ్ము. మళ్లీ కుడిది, మళ్లీ ఎడమది. పొగకు మా ముగ్గురికీ కళ్లు మండుతున్నాయి. తిరిగొచ్చిన కట్టలోది ఎడమ చేతిలో ఉంది, దాని ఘాటుకు నాకు దూరం నుంచే గొంతు పట్టేసింది. తాత మాత్రం ఉత్త గాలి పీలుస్తున్నట్టు కూర్చున్నాడు.

"రెండూ ఒక్కటే. ఉడకబెట్టిన సొరకాయ లెక్క ఉన్నయి."

పళ్లు తీయించి, నీళ్లతో పుక్కిలించమని చెప్పి, చాయ్ తాగించి, మిగతా పేషెంట్లందరూ అయ్యేదాకా కూర్చోబెట్టాం. మధ్యాహ్నం మళ్లీ గంతలు కట్టి, మళ్లీ రెండు చుట్టలిచ్చాను, ఈసారి చేతులు మార్చి. కుడి చేతిది ఒక్క దమ్ము లాగాడో లేదో, తుపుక్కున పక్కకు ఊశాడు.

"గిది నేను చుట్టిందా? ఛీ! మిరపకాయలు కాల్చినట్టుంది." ఎడమ చేతిది పీల్చాడు, మెల్లగా వదిలాడు. బోసినోరు విచ్చుకుంది. "ఇగో, గిది. ముందు మెత్తగ వస్తది, గొంతుల జర కొరుకుతది, పొయ్యేటప్పుడు బెల్లం వాసన ఇడిసిపెట్టి పోతది. సారూ, నాలుక బతికే ఉంది!"

ఆయన సంతోషం చూసి నేనూ నవ్వాను. కానీ నేరం రుజువైంది, ప్లేటే దోషి. డాక్టరమ్మ నావైపు తిరిగి, "ప్లేట్ మధ్యలో కొంత కోసి చూడు," అంది. కోస్తే అంగిలికి అతుక్కునే పట్టు తగ్గుతుంది, మాట్లాడుతుంటే పళ్లు జారి ఒళ్లో పడతాయి. అంత కుదిరిన పనిని కోయడం నాకు ప్రాణం మీదికొచ్చినట్టే. అయినా ల్యాబ్‌లోకి పోయి మోటారు ఆన్ చేసి, బర్‌ను ప్లేటుకు ఆనించాను. బర్ అంటే గిర్రున తిరుగుతూ అరగదీసే చిన్న పనిముట్టు.

అక్రిలిక్ వేడెక్కితే వచ్చే కంపు నాకు అన్నం వాసనంత అలవాటు. ఆరోజు ఆ కంపు రాలేదు. ల్యాబంతా బిర్యానీ వాసన.

మోటారు ఆపాను. డెంచర్‌ను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. లవంగాలు! ఉత్త లవంగం కాదు, లవంగ నూనె. మా వృత్తిలో దాన్ని తెలియనివాడు ఉండడు. పంటి నొప్పికి దూదిలో ముంచి పెట్టేది అదే, ఎందుకంటే అది తగిలిన చోట తిమ్మిరెక్కుతుంది. ఆ నూనెలో నానిన ప్లేటును పొద్దంతా నోట్లో పెట్టుకుంటే అంగిలీ నాలుకా రెండూ మొద్దుబారక ఏం చేస్తాయి?

డెంచర్ పట్టుకుని బయటికొచ్చాను. "తాతా, రాత్రిపూట ఈ పళ్లు ఎందులో వేస్తావు?"

"నాకేం తెల్సు? తీసి ఆమెకిస్త. పొద్దుగాల ఆమె కడిగి ఇస్తది."

అందరం సవారమ్మ వైపు చూశాం. ఆమె షెడ్డు గోడ వైపు చూసింది.

"నీళ్లల్లనే ఏస్త," అంది. కాసేపాగి, "అండ్ల మెడికల్ షాపు నూనె జరంత పోస్త," అంది. ఇంకొంచెం ఆగి, "జరంత అంటే, సగం సీస," అంది.

"ఎందుకే?" అన్నాడు తాత. "నా యాపారం మునుగుతుంటె సూస్తూ ఊకున్నవా?"

"మునుగుతదని నాకు ఎవరు చెప్పిరి? వాసన పోతదనుకున్న, రుచి పోతదనుకోలే." ఇక ఆమె ఆగలేదు. "పెండ్లయిన్నాటి సంది చెప్తనే ఉన్న. చుట్టలు చుట్టు, అమ్ము, తాగు, నేనొద్దన్ననా? ఆ కంపు నోటితోని నా పక్కన కూసొని మాట్లాడకన్న. ఒక్కనాడన్న యింటివా? కొత్త పండ్లొచ్చినయి, కొత్త నోరొచ్చిందని మురిసిన. మూడోనాటికి మళ్ల అదే కంపు. అందుకే నూనెల ఏసిన."

తాత నోరు తెరిచాడు. అందులో పళ్లు లేవు, మాటలూ లేవు. నాకు నవ్వొచ్చింది గానీ, ఆమె కళ్లు చూశాక నవ్వాలనిపించలేదు. ఇన్నేళ్లుగా ఆమె అడిగింది పక్కన కూర్చుని మాట్లాడే మనిషిని.

డెంచర్‌ను నున్నగా పాలిష్ చేసి, కొన్నాళ్లు ఉత్త నీళ్లలోనే వేయమని ఇచ్చి పంపాను. కోత నుంచి నా ప్లేటు బతికిపోయింది. తరవాతి సరుకును తాత బోసినోటితో రుచి చూసి కలిపాడు. కొత్తకోట దుకాణంవాడు ఈసారి వాపసు పంపలేదు.

ఎండలు ముదిరాక చెకప్‌కు వచ్చారు. డాక్టరమ్మ పిలిచేదాకా జనరేటర్ షెడ్డు నీడలో కూర్చున్నారు. తాత జేబులోంచి చుట్ట తీయగానే సవారమ్మ ఒక చిన్న స్టీలు డబ్బా ముందుకు చాపింది. ఆయన పళ్లు తీసి అందులో వేశాడు. ఇది వాళ్ల కొత్త ఒప్పందమట. చుట్ట ఉన్నంతసేపు పళ్లు ఆమె దగ్గర, పళ్లు నోట్లో ఉన్నంతసేపు చుట్ట జేబులో. అలిగినప్పుడు ఆమె డబ్బా ఇవ్వదని, ఆ పూట గంజేనని తాత నాకు చెవిలో చెప్పాడు.

ఇంతలో ఆమె మూట విప్పి రొట్టె తీసింది. "చల్లగైతది," అంది, ఆయనవైపు చూడకుండానే.

చుట్ట ఇంకా సగం కూడా కాలలేదు. తాత దాన్ని గోడకు నలిపి ఆర్పాడు, నీళ్ల సీసా తీసి పుక్కిలించాడు, ఆమె పక్కకు జరిగి కూర్చుని డబ్బా కోసం చెయ్యి చాపాడు.

అప్పటినుంచి నేను డెంచర్ ఇచ్చేముందు పేషెంట్‌ను ఒక్కణ్నే కూర్చోబెట్టను. ఇంట్లో రాత్రిపూట పళ్లు ఎవరి చేతికి పోతాయో అడిగి, వాళ్లకూ ఒక కుర్చీ వేస్తాను. ముందు వాళ్లు చెప్పేది వింటాను.