ఇంగ్లీషు నటుడికి మా బావగారి సన్మానం

నిన్న సాయంత్రం టీవీలో ఆ ముసలి ఇంగ్లీషు నటుడికి జీవితకాల పురస్కారం ఇస్తుంటే, పప్పుకి తాలింపు వేస్తూ ఓ కంట చూశాను. హాలంతా లేచి చప్పట్లు కొడుతోంది. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, పెదవి కొంచెం వణికించి, కన్నీళ్ళని సరిగ్గా రెప్ప అంచుదాకా తెచ్చి అక్కడ ఆపాడు. ఆ ఆపడానికే ఆయనకి అన్ని అవార్డులు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు అత్తగారి ముందు రోజూ చేసే పనే అది, దానికి ఎవరూ లేచి నిలబడగా నేను చూడలేదు. తెర మీద ఆయన వేషాలన్నీ వరసగా వేశారు. రాజు, తాగుబోతు, పాదిరీ, చూపు లేని పియానో మాస్టారు. ముక్కు మార్చినప్పుడల్లా ఒక అవార్డు. ఆయన సాధించినవన్నీ నాకు కంఠతా వచ్చు. నేను ఆయన అభిమానిని కాను, మా బావగారి మరదల్ని.

బావగారంటే మా ఆయనకి అన్నగారు. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. కార్ల కంపెనీలో తలుపు పిడులు డిజైన్ చేస్తూ రిటైరయ్యారు. వృత్తి తలుపు పిడులే గానీ ప్రాణం మాత్రం ఆ ఇంగ్లీషు నటుడు. ఏ ఇంట్లో తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్ జరిగినా, ఆయన గోంగూర కలుపుకోవడం మొదలుపెట్టగానే తెలిసినవాళ్ళు ప్లేట్లు పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగిపోయేవారు. తెలియనివాళ్ళు దొరికిపోయేవారు. "ఆ రోల్ కోసం ఆర్నెల్లు కళ్ళకి గంతలు కట్టుకుని ఇంట్లో తిరిగాడమ్మా. డెడికేషన్ అంటే అదీ. మనవాళ్ళూ ఉన్నారు, ఎందుకూ" అనేవారు. ఆ ఆర్నెల్లూ ఆయనకి అన్నం ఎవరు పెట్టారో, గుమ్మాలు తగలకుండా ఎవరు చెయ్యి పట్టుకుని నడిపించారో బావగారికి ఎప్పుడూ అనుమానం రాలేదు. రాణిగారు భుజం మీద కత్తి ఆనించి సర్ బిరుదు ఇచ్చిన సంగతి చెప్పేటప్పుడైతే, ఆ కత్తి తన భుజానికే తగిలినట్టు కాస్త వంగేవారు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

ఎందుకు మండేదో చెప్పాలంటే మా అక్క సంగతి చెప్పాలి. అక్కంటే నా తోడికోడలు, బావగారి భార్య. పెళ్ళికి ముందు తెనాలి వైపు పరిషత్తు నాటకాల్లో అక్క పేరు చెబితే జనం కుర్చీలు ముందే పట్టుకునేవారట. ఉత్తమ నటి కప్పులు పుట్టింటి అలమర నిండా ఉండేవి. అమెరికా వచ్చేటప్పుడు అందులో ఒక్కటైనా తెచ్చుకుంటానంటే లగేజీలో చోటు లేదన్నారు బావగారు. అదే లగేజీలో ఆయన సినిమా పత్రికలు మాత్రం సుఖంగా ప్రయాణం చేసి వచ్చాయి. ఇక్కడ ఏటా ఉగాదికి మన సంఘంవాళ్ళు నాటకం వేస్తూ అక్కని అడిగేవారు. అక్క నోరు తెరిచేలోపే బావగారు నవ్వేసేవారు. "స్టేజి నాటకమంటే అరుపులేగా. నువ్వు బొబ్బట్లు చూసుకో, అవైతే అందరూ మెచ్చుకుంటారు." అక్క బొబ్బట్లు చేసేది. ఓసారి మా వంటింట్లో దొండకాయలు తరుగుతూ, తల ఎత్తకుండా, "ఒక్కసారి మళ్ళీ ముఖానికి రంగు వేసుకోవాలనుందే. ఈ మోకాళ్ళు పూర్తిగా పోకముందు" అంది.

ఇంతలో ఆ నటుడు డెట్రాయిట్ వస్తున్నాడని తెలిసింది. ఈ దేశంలో పెద్ద హాళ్ళలో సినిమా అభిమానుల జాతరలు జరుగుతాయి. టికెట్టు కొనుక్కుని లైన్లో నిలబడితే, వయసు మీరిన నటులు బల్ల ముందు కూర్చుని ఫొటో మీద సంతకం పెట్టి పంపిస్తారు. మా బావగారికి మాత్రం అది రవీంద్రభారతిలా కనిపించింది. పట్టు శాలువా, గాజుపెట్టెలో జ్ఞాపిక, చట్రం కట్టించిన సన్మానపత్రం సిద్ధం చేశారు. పత్రం తెలుగులో ఉంటేనే నిండుగా ఉంటుందని ఆయనే రాశారు. "సప్త సముద్రాల ఆవల పుట్టి మా హృదయపీఠాల మీద కొలువైన అభినయ వారాశీ" అని మొదలు. రాయడమైతే రాశారు గానీ ఆ సమాసాలు ఆయనకే నోరు తిరగలేదు. వారం పాటు డైనింగ్ టేబుల్ దగ్గర అక్క చేత చదివించుకుని వల్లె వేశారు. ఆయనకి రాలేదు, అక్కకి వచ్చేసింది.

ఆ రోజు అక్కతోపాటు కారు నడపడానికి నన్నూ తీసుకెళ్ళారు. లైన్లో మా ముందూ వెనకా అందరి ముఖాలకీ పచ్చరంగే. ఆ నటుడు వయసు మళ్ళాక ఏదో అంతరిక్షం సినిమాలో బల్లుల రాజు వేషం వేశాడట, జనమంతా ఆ బల్లి కోసం వచ్చారు. రాజునీ పాదిరీనీ పియానో మాస్టారినీ తలుచుకున్నది బావగారొక్కరే. "ఇదంతా పొట్టకూటికి చేసిందమ్మా, ఆర్ట్ కాదు" అని గొణుక్కుంటూ, పక్కనున్న బల్లులని చీదరగా చూస్తూ నిలబడ్డారు. హాల్లో ఏసీ ఎముకలు కొరికేస్తోంది. అక్క పమిట భుజాల చుట్టూ బిగించుకుని, మోకాలు మార్చి మోకాలి మీద బరువేస్తూ నిలబడింది. ఆమెకి చలేస్తోందని ఆయనకి తోచలేదు. శాలువా మడత నలగకుండా గుండెకి హత్తుకుని ఉన్నారాయె.

చివరికి బల్ల దగ్గరికి చేరాం. తెర మీద కనిపించినంత భారీ మనిషేమీ కాదు, స్వెట్టరు వేసుకుని దగ్గుబిళ్ళ చప్పరిస్తున్న ఓ ముసలాయన. బావగారు శాలువా విప్పారు. పక్కన మెళ్ళో బ్యాడ్జీ వేసుకున్న అమ్మాయి దాన్ని మధ్యలోనే పట్టుకుని, "సారీ సర్, నో గిఫ్ట్స్" అంటూ తిరిగి చేతిలో పెట్టేసింది. పోనీ పత్రమైనా చదువుదామని ఎత్తారు, నోరు పెగల్లేదు. అప్పుడు వెనకనుంచి అక్క అందుకుంది. పత్రం చూడలేదు. మైకు లేని రోజుల్లో చివరి వరసకి వినిపించిన గొంతు అది. పాడలేదు, అరవలేదు, ప్రతి మాటకీ దాని బరువు దానికిచ్చి చెప్పింది. బల్లులన్నీ ఫోన్లు దించేశాయి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ ముసలాయన పెన్ను పక్కన పెట్టి చివరిదాకా విన్నాడు. విని, అక్కనే చూస్తూ అడిగాడు.

"ఆర్ యూ యాన్ యాక్ట్రెస్, మేడమ్?"

"నో నో సర్. షీ ఈజ్ మై వైఫ్" అన్నారు బావగారు.

ఆ క్షణంలో ఆయన్ని చూస్తే నాకు కలిగిన అసహ్యం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ముప్ఫై ఏళ్ళు నటనంటే ఏమిటో ఊరందరికీ పాఠం చెప్పిన మనిషి. అక్క మాత్రం ఆయన చేతిలోంచి శాలువా తీసుకుని, జరీ అంచు ముందుకి వచ్చేలా రెండు భుజాల మీదా నిండుగా కప్పుకుంది. "చలేస్తోంది" అంది. కారు దగ్గరికి వచ్చాక, బెల్టు పెట్టుకుంటూ మామూలు గొంతుతోనే చెప్పింది. "వచ్చే ఉగాదికి నేను వేషం వేస్తున్నానండీ. బొబ్బట్లు ఎక్కడైనా ఆర్డరిచ్చుకోండి." ఇంటిదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూశారు. ఆ ఇంగ్లీషాయన జీవితకాల సాధనల్లో నేను లెక్కలోకి తీసుకునేది అక్కని అడిగిన ఆ ఒక్క ప్రశ్నే.

నిన్న పురస్కారం ముగియగానే బావగారు ఫోన్ చేశారు.

"చూశావా అమ్మాయ్? స్టాండింగ్ ఒవేషన్."

"చూశాను బావగారూ. అక్కేదీ?"

"గుడి హాల్లో రిహార్సలు. అన్నం మైక్రోవేవ్‌లో పెట్టుకోమని చెప్పి పోయింది." అటునుంచి మైక్రోవేవ్ కూత వినిపించింది. "ఇంట్లో డైలాగులు వింటున్నాలే. బానే చేస్తుంది. కొంచెం అరుస్తుంది."

ఫోన్ పెట్టేసి పొయ్యి ఆర్పాను. 'బానే' అన్న ఆ ఒక్క మాట మా బావగారి నోటిదాకా రావడానికి పట్టిన కాలంలో, ఆ ఇంగ్లీషాయన ప్రేమికుడి వేషాల నుంచి తాతయ్య వేషాల దాకా నడిచి, పురస్కారం కూడా అందుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.