సమాధిరాళ్లకు పరీక్ష పెట్టిన సిరిల్ పెన్‌ఫోల్డ్

మా నెదర్ విక్స్‌బీలో నడివయసు దాటినవాళ్ల దగ్గర సిరిల్ పెన్‌ఫోల్డ్ పేరెత్తితే ఇప్పటికీ చేతులు బిగుసుకుంటాయి, ఎదురుగా స్టీరింగ్ ఉన్నట్టు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన డ్రైవింగ్ పరీక్షలు పెట్టాడు. మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని పక్క సీట్లో కూర్చుని, కారు ఆగాక, "మలుపు దగ్గర తడబడ్డారు. కొన్నాళ్లాగి మళ్లీ రండి" అనేవాడు. ఆ మాటలో కోపం ఉండేది కాదు, జాలీ ఉండేది కాదు. వానొస్తుందని చెప్పినట్టు చెప్పేవాడు. మాంసం కొట్టు విల్ఫ్ టిమ్స్ భార్య డోరాను అలా నాలుగుసార్లు తిప్పి పంపాడు. ఐదోసారి ఆయనకు జలుబు చేసి సెలవు పెడితే, ఆమె ఇంకొకరి దగ్గర పాసైంది.

రిటైరయ్యాక ఆ పరీక్ష ఇంటికొచ్చింది. కెటిల్‌లో నీళ్లు ఎక్కువ పోశావనేవాడు. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకోలేదనేవాడు. భార్య మ్యూరియల్ కొన్నాళ్లు ఓర్చుకుంది.

"నువ్వేదైనా సంఘంలో చేరు సిరిల్," అంది చివరికి. "లేదంటే నేను చేరతా. పగలంతా ఇద్దరం ఒకే కప్పు కింద ఉండటం మాత్రం నా వల్ల కాదు."

అలా ఆయన ఊరి కౌన్సిల్లోకి వచ్చాడు. ఎన్నికేమీ జరగలేదు. ఖాళీ కుర్చీ ఉంది, కూర్చున్నాడు. మా కౌన్సిల్లో పెద్ద పదవులంటే ఆటస్థలం, క్రిస్మస్ దీపాలు. ఎవరికీ అక్కర్లేని సమాధుల తోట ఆయనకు దక్కింది. చర్చి ఆవరణలో జాగా నిండిపోయి చాలా కాలమైంది. అలా నిండిపోయాక అక్కడి గడ్డీ గోడా రాళ్లూ చూసుకునే బాధ్యత చర్చి మీది నుంచి కౌన్సిల్ మీదికొచ్చింది. దాని పక్కనే కౌన్సిల్ సొంత తోట ఒకటుంది. రెండింటి మీదా కౌన్సిల్‌కున్న ప్రేమంతా ఏడాదికి ఇన్నిసార్లు గడ్డి కొట్టించడంతో సరిపోయేది. గడ్డి కొట్టే బారీకి ఒకటే బాధ: రాళ్లు అడ్డం. చచ్చినవాళ్లు కాస్త వరసగా చచ్చుంటే మిషను తిన్నగా పోయేదని వాపోయేవాడు.

ఆ ఏడాదే పైనుంచి ఒక హెచ్చరిక వచ్చింది. ఎక్కడో సమాధిరాయి ఒరిగి ఎవరికో దెబ్బ తగిలిందట, కాబట్టి అన్ని ఊళ్లవాళ్లూ తమ రాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోవాలట. సిరిల్‌ను ఒక రోజు శిక్షణకు పంపారు. అక్కడ నేర్పింది ఇంతే: రాతి నెత్తిన రెండు అరచేతులూ ఆనించి నెట్టాలి. కదిలితే ప్రమాదం. పసుపు కాగితం అంటించి, రాయిని నేల మీద పడుకోబెట్టాలి. తిరిగొచ్చిన రోజు ఆయన మొహంలో ఉన్నంత వెలుగు పెళ్లినాడు కూడా చూడలేదంది మ్యూరియల్.

మర్నాటి నుంచి ఉద్యోగానికెళ్లినట్టే టై కట్టుకుని వెళ్లేవాడు. ఒక్కొక్క రాయి ముందు నిలబడి, పేరు చదివి, నెట్టేవాడు. కదలకపోతే ఇంకాస్త నెట్టేవాడు. అప్పటికీ కదలకపోతే భుజం వాల్చేవాడు. ఎన్ని గాలివానలొచ్చినా నిలిచిన రాళ్లు సిరిల్ భుజానికి ఓడిపోయాయి. వసంతం వచ్చేసరికి సగం తోట వెల్లకిలా పడుకుంది. బారీ ఈల వేసుకుంటూ మిషను తిన్నగా తోలుకుపోయేవాడు. కౌన్సిల్ పెద్ద మిసెస్ ఆల్డ్రిడ్జ్ అయితే, ఇంత శ్రద్ధ గల సభ్యుడు మునుపెన్నడూ లేడని మీటింగులో చప్పట్లు కొట్టించింది.

ఈస్టరుకు పువ్వులు పట్టుకొచ్చినవాళ్లకు అమ్మానాన్నల పేర్లు ఆకాశంకేసి చూస్తూ కనిపించాయి. ఒక్క ఇంటికి కూడా ముందుగా కబురు పెట్టలేదు. ఆ నెల మీటింగులో కూర్చోవడానికి చోటు చాల్లేదు. డోరా టిమ్స్ ముందు వరసలో నిలబడింది. విల్ఫ్ పోయి రెండేళ్లు. అతని రాయికి పసుపు కాగితం పడింది కానీ ఇంకా పడుకోబెట్టలేదు.

"ఏమండీ పెన్‌ఫోల్డ్ గారూ, నన్ను నాలుగుసార్లు ఫెయిల్ చేశారు, పోనీ అనుకున్నా. మా ఆయన్ని కూడానా? ఆయన కారెక్కింది లేదు, దిగింది లేదు. కదలకుండా పడుకున్న మనిషండీ!"

జనం గొల్లున నవ్వారు. సిరిల్ నవ్వలేదు.

"మీవారు కాదు మిసెస్ టిమ్స్, రాయి. కాస్త నెడితే ఊగింది. బాగు చేయించుకుని మళ్లీ పరీక్షకు పెట్టుకోవచ్చు."

"ఊగింది మీరు నెట్టబట్టి! నన్ను నెట్టినా ఊగుతాను. నాకూ కాగితం అంటిస్తారా?"

"నియమం నేను రాసింది కాదు," అన్నాడు సిరిల్. మిసెస్ ఆల్డ్రిడ్జ్ గంట కొట్టి, తరువాతి అంశం బాతుల చెరువు అని ప్రకటించింది.

ఆ మర్నాడు డోరా ఇంట్లోంచి మడత కుర్చీ తెచ్చుకుని విల్ఫ్ రాయికి వీపు ఆనించి కూర్చుంది. ఫ్లాస్కులో టీ, డబ్బాలో కోడిగుడ్డు శాండ్విచ్‌లు, చేతిలో అల్లిక. రాయికి ఆసరా లేదన్నారుగా, ఆసరాగా ఉంటానంది. వారం తిరక్కుండా మరో ముగ్గురు ఆడవాళ్లు తమ తమ వాళ్ల రాళ్లకు చేరగిలబడ్డారు. తోటలో అంత సందడి అంతకుముందు ఎరగం. బతికున్నప్పుడు విల్ఫ్ చెవికి వినబడని కబుర్లన్నీ ఇప్పుడు చెప్పేస్తున్నానంది డోరా. వీళ్లను లేపడం ఎలాగని కౌన్సిల్‌వాళ్లు రూల్సు తిరగేశారు. కుక్కలు రాకూడదని ఉంది, బంతాట కూడదని ఉంది, గాజు సీసాల్లో పువ్వులు పెట్టకూడదని ఉంది. కూర్చోకూడదని మాత్రం ఎవరికీ తోచలేదు. స్థానిక పత్రికలో ఫొటో పడ్డాక మిసెస్ ఆల్డ్రిడ్జ్ సిరిల్‌ను పిలిచి, ఈ వ్యవహారం నువ్వే తేల్చాలంది.

ఆయన టై సర్దుకుని వెళ్లాడు. తెల్లవారుజామున వాన పడి నేలంతా తడిగా ఉంది.

"దయచేసి లేవండి మిసెస్ టిమ్స్. ఆ రాయి మీ మీద పడితే కౌన్సిల్‌దే పూచీ."

"ఇన్ని రోజులుగా ఆనుకుని కూర్చున్నా, పడలేదే!"

"పడదని మీరెలా చెప్పగలరు?"

"పడుతుందని మీరెలా చెప్పారు?" డోరా అల్లిక పక్కన పెట్టి లేచింది. "సరే, ఇంతమంది ఉన్నాం. మా కళ్లముందు నెట్టండి. పడితే నేనే మోసుకుపోతా."

చుట్టూ ఆడవాళ్లు చేరారు. బారీ మిషను ఆపి వచ్చి నిలబడ్డాడు. సిరిల్ రాతి నెత్తిన చేతులు ఆనించి నెట్టాడు. రాయి కదల్లేదు. ఇంకాస్త నెట్టాడు. భుజం వాల్చాడు.

"కాళ్లు తన్నిపెట్టండి సార్!" అని బారీ ఎగదోశాడు.

తన్నిపెట్టాడు. వెనక్కి పెట్టిన కాలు పడింది, ఆయనే శీతాకాలంలో పడుకోబెట్టిన పక్కరాయి మీద. దాని మీద నాచు పట్టి వాననీళ్లతో నున్నగా ఉంది. కాలు జర్రున జారింది. సిరిల్ విల్ఫ్ రాయిని కావలించుకోబోయి, అందక, చెయ్యి కింద పడేలా కూలబడ్డాడు. మణికట్టు విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. మా సమాధుల తోటలో రాయి వల్ల ఎవరికైనా దెబ్బ తగలడం అదే మొదలు.

అంబులెన్సు రావడానికి చాలాసేపు పడుతుందన్నారు. బారీ మిషను మీద ఎక్కించుకుని పోలేడు. చివరికి డోరాయే తాళాలు తీసింది.

"ఎక్కండి. మీరు పాస్ చెయ్యకపోయినా నడుస్తుంది నా బండి."

ఎడమ సీట్లో ఆయన మామూలుగానే కూర్చున్నాడు, మోకాళ్ల మీద అట్టకు బదులు విరిగిన చెయ్యి పెట్టుకుని. కొంతదూరం వెళ్లాక ఉండబట్టలేకపోయాడు.

"అద్దం చూడలేదు మీరు."

డోరా కారు పక్కకు తీసి ఆపేసింది. "దిగి నడుస్తారా?"

"లేదు."

"అయితే నోరు మూసుకోండి."

మళ్లీ బయల్దేరారు. గోతులొచ్చినప్పుడల్లా ఆయన పళ్లు బిగబట్టుకునేవాడు. ఆమె వేగం తగ్గించింది. ఆస్పత్రి కనబడేసరికి ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు: "అన్నేళ్లు కార్లలో తిరిగాను. ఒక్కరూ నాతో మాట్లాడేవాళ్లు కాదు. మాట్లాడకూడదని మేమే ముందు చెప్పేవాళ్లం."

"మాట్లాడాలనిపించేలా ఉండేదా మీ మొహం?" అంది డోరా. కానీ కట్టు కట్టేదాకా ఆగి, ఇంటి దగ్గర దింపి వెళ్లింది.

కౌన్సిల్ ఆ ప్రమాదాన్ని చాలా గంభీరంగా తీసుకుంది. పడుకోబెట్టిన రాళ్లు జారుతున్నాయి గనక జనం లోపలికి రావడమే ప్రమాదమని తీర్మానించి, తోట చుట్టూ తాడు కట్టించింది. తోటలోకి రావద్దంటే గడ్డి కొట్టే అవసరం కూడా లేదు కదా అని బారీని మాన్పించింది. ఆ వేసవిలో గడ్డి నడుముల దాకా పెరిగింది. డోరా, ఆమె జట్టూ పాత మేజోళ్లు తొడుక్కుని తాడు దాటి వెళ్లేవాళ్లు. ఇక సిరిల్ విషయం: "పెన్‌ఫోల్డ్ గారు తన సొంత ఉత్సాహం కొద్దీ చేశారు, కౌన్సిల్‌కు సంబంధం లేదు," అని మిసెస్ ఆల్డ్రిడ్జ్ పత్రికకు చెప్పింది. ఆయన సేవలకు కృతజ్ఞతలు తెలిపి, చేతులెత్తి ఓటేసి, ఆయన కుర్చీ ఖాళీ చేయించారు. మునుపు చప్పట్లు కొట్టిన చేతులే అవి.

అక్కడే కౌన్సిల్ పొరపాటు పడింది. చేతికి కట్టుతో సిరిల్ ప్రతి మీటింగుకూ వచ్చి జనం బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. రూల్సన్నీ ఆయనకు కంఠతా వచ్చు. రాయి పడుకోబెట్టే ముందు ఇంటివాళ్లకు తెలపాలని ఉంది కదా, ఎందుకు తెలపలేదని అడిగేవాడు. తాను కౌన్సిల్లో ఉన్నప్పుడు అడగని ప్రశ్నే అది. పడుకోబెట్టిన రాయిని సరిగ్గా నిలబెట్టే పూచీ ఎవరిదని అడిగేవాడు. గోడ కూలుతోంది, దాని సంగతేమిటనేవాడు. మిసెస్ ఆల్డ్రిడ్జ్ గంట కొట్టేది. మళ్లీ నెల మొదటి ప్రశ్న ఆయనదే. చచ్చినవాళ్ల మీద ప్రేమ కాదు, తనను తీసేశారన్న కసి. మాకందరికీ తెలుసు. రెండేళ్లు ఆ పోరు పడలేక కౌన్సిల్ రాతిపనివాణ్ని పిలిపించి రాళ్లన్నీ మళ్లీ నిలబెట్టించింది, గోడ కూడా కట్టించింది. కొన్ని కాస్త వంకరగానే నిలబడ్డాయి. ఆయనకు థాంక్స్ చెప్పాలో తిట్టాలో తెలియక ఊరు చెప్పకుండా ఊరుకుంది.

తర్వాత కొన్నేళ్లకు సిరిల్ నిద్రలోనే పోయాడు. కౌన్సిల్ పెద్దమనసుతో గోడ పక్కన మంచి చోటు ఇస్తానని మ్యూరియల్‌కు కబురు పెట్టింది. ఆమె వద్దంది. దహనం చేయించి, బూడిద తీసుకుని డోరా కారులో కొండ మీదికి వెళ్లింది. అది పక్క ఊరి పొలిమేరలో ఉంది.

"ఇక్కడ చల్లొచ్చా, ఎవర్నైనా అడగాలా?" అంది డోరా.

"సిరిలుంటే అడిగేవాడు," అంది మ్యూరియల్, మూత తీస్తూ. "నువ్వు కాస్త ఇటు జరుగు డోరా, గాలి నీ వైపే వీస్తోంది."