భీమిలిలో నలభై ఒక్కరు

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. నాచారంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారిని. రెండోసారి లెక్కపెట్టినా అంతే వస్తే నిజం, లేకపోతే కాదు. నాకు తెలిసింది అంతే.

మాది భీమిలి, విశాఖపట్నం శివార్లలో సముద్రం ఒడ్డు. తెలంగాణ రావడానికి కొన్నేళ్ళ ముందు ఎనిమిదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్దామని పట్టుబట్టింది నేనే. మొత్తం నలభై మంది. వాళ్ళలో లావణ్య అనే పాపను పంపనని వాళ్ళమ్మ అంటే, పీర్జాదిగూడలో వాళ్ళింటికి వెళ్ళి మరీ ఒప్పించాను.

"మీ మీద నమ్మకంతోని తోలుతున్న సార్" అందామె.

భీమిలిలో దిగాక నా నోటికి అడ్డే లేదు. డచ్చివాళ్ళు వర్తకానికొచ్చి ఇక్కడే ఉండిపోయారనీ, దేశంలోని పాత మున్సిపాలిటీల్లో మాదొకటనీ ఒకటే గొప్పలు. ముందుగా వాళ్ళ సమాధులు చూపించాను. బయటికొచ్చేటప్పుడు ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టాను. నలభై ఒకటి వచ్చింది.

తోడు వచ్చిన పీఈటీ యాదగిరి కూడా లెక్కపెట్టాడు. అతనికీ నలభై ఒకటే. పేర్లు పిలిస్తే మాత్రం నలభై మందీ పలికారు. అందరూ మా యూనిఫాంలోనే ఉన్నారు, తెలియని ముఖం ఒక్కటీ లేదు. లైట్‌హౌస్ దగ్గర మళ్ళీ నలభై ఒకటి. నాకు చిరాకేసింది, ఎండ దెబ్బ అనుకున్నాను.

మధ్యాహ్నం గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట అన్నాలు తిన్నాం. లేచేటప్పుడు ఇద్దరం లెక్కపెడితే సరిగ్గా నలభై వచ్చింది.

"జూసిన్రా సార్, ఇప్పుడు కరెక్టొచ్చింది. పొద్దుగాల్నుంచి ఊకె ఫికర్ జేసిన్రు" అని యాదగిరి నవ్వాడు.

నేనూ నవ్వబోయాను. అంతలోనే ఒక లెక్క తట్టింది. పొద్దుటి నుంచీ ఒకరు ఎక్కువుంటే, ఇప్పుడు తగ్గింది ఎవరు? గబగబా పేర్లు పిలిచాను. లావణ్య పలకలేదు.

పడవల వెనక, నది పాయలో మునిగి తేలుతూ కనిపించింది. వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు దూకి ఒడ్డుకు లాగారు. నీళ్ళు కక్కి ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. తిరుగు రైల్లో నాలుగుసార్లు లెక్కపెట్టాను, ప్రతిసారీ నలభైయే.

సికింద్రాబాద్ స్టేషన్లో వాళ్ళమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరు లెక్క జూడబట్టి నా బిడ్డ బతికింది సార్" అంది. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

ఆ నలభై ఒకటో మనిషే నన్ను హెచ్చరించిందని యాదగిరి ఇప్పటికీ అంటాడు. నేను ఒప్పుకోలేను. అది మాతో లేకపోతే ఆ మధ్యాహ్నం నాకు ముప్పై తొమ్మిదే వచ్చేది, పాప లేదని ఆ క్షణమే తెలిసేది. అది వరుసలో నిలబడబట్టే లెక్క సరిపోయింది. పాపను కాపాడటానికి వచ్చిందో, పాప లేని సంగతి నాకు తెలియకుండా పాప చోట్లో నిలబడిందో నాకు తెలియదు. దాని భుజం కూడా తట్టే ఉంటాను.