చూడని హోల్‌స్టర్‌కి పూచీ పడిన అంకుల్

శనివారం ప్లేనోలోని ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటుంటే వాట్సాప్‌లో కబురు వచ్చింది. అంకుల్ పోయారు. మా వెనక వీధిలో ఉండే రిటైర్డ్ ఇంజినీరు, నాకు పిస్టల్ షూటింగ్ నేర్పిన మనిషి. బుట్ట అక్కడే వదిలేసి కారులో కూర్చున్నాను. ఏడుపు రాలేదు, సిగ్గు వేసింది. మూడేళ్లుగా ఆయనకి ముఖం చాటేసి తిరుగుతున్నాను మరి.

గ్రీన్ కార్డ్ వచ్చాక నేను కొన్న మొదటి పెద్ద వస్తువు పిస్టలని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. పరిగెడుతూ, మోకాళ్ల మీద కూర్చుంటూ, గడియారంతో పోటీపడి గురి చూసి కాల్చే ఆట కోసం కొన్నాను. మా షూటింగ్ క్లబ్బులో కొత్తవాళ్ల క్లాసు అంకుల్‌దే. ఎవరొచ్చినా ముందు వాళ్ల నడుం వైపు చూసేవారు.

"ఫస్ట్ మంచి బెల్ట్ కొనుక్కో నాన్నా. అది వంగిపోయిందా, పైన ఎంత కాస్ట్లీది తగిలించినా వేస్ట్," అనేవారు. హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే ఒర, మన మోడల్‌కే చేసిన గట్టి ప్లాస్టిక్‌ది కావాలి, ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పాలి. అంతకు మించి హంగులు వద్దనేవారు. ఇంకో మాట కూడా పదేపదే చెప్పేవారు. "గన్ జారితే జారనీ. పట్టుకోబోకు, వేలు ట్రిగ్గర్ మీద పడుతుంది."

మొదటి పోటీకి ముందు ప్రతివాళ్లూ ఆయన గరాజ్‌కి వెళ్లాల్సిందే. ఖాళీ పిస్టల్‌ను ఒరలో పెట్టించి వంగమనేవారు, గెంతమనేవారు. లోపల్నుంచి ఆంటీ, "పెళ్లిచూపులు అయ్యాయా, టీ తేనా?" అని అడిగేవారు.

నాకది చాదస్తంలా తోచింది. వీడియోల్లో చాంపియన్లు పెట్టుకునే, తెరిచి ఉండే రకం ఒర ఆర్డర్ చేశాను. అందులో పిస్టల్‌ను ఒక చిన్న మీటే పట్టి ఉంచుతుంది. అంకుల్ చూస్తే తీసెయ్యమంటారని తెలుసు. అందుకే "ఆఫీస్‌లో రిలీజ్ ఉంది అంకుల్" అని గరాజ్ ఎగ్గొట్టి, సరాసరి పోటీకి వెళ్లాను. ఆయన ఇంకోవైపు స్కోర్లు రాస్తున్నారు.

మీట వెయ్యడం మరిచిపోయాను. మోకాళ్ల మీదకి వంగగానే గుళ్లు నింపిన పిస్టల్ కంకరలో పడింది. అందుకోబోయిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ ఆగడం ఆయన నేర్పిందే. పోటీని దగ్గరుండి నడిపే రేంజ్ ఆఫీసర్ పిస్టల్ ఖాళీ చేసి, నన్ను డిస్‌క్వాలిఫై చేసి, ఈ గేర్ ఎవరు చెక్ చేశారని అడిగాడు. నా నోట్లోంచి వచ్చిన జవాబు రాస్తుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి. "మా కోచ్ చూశారు" అన్నాను.

అప్పటికే అంకుల్ అక్కడికి వచ్చి ఉన్నారు. నా నడుం వైపు చూశారు, తర్వాత నా ముఖం వైపు. "అవును, నేనే చూశాను. పొరపాటు నాదే," అన్నారు ఇంగ్లీషులో. ఆ నెలలోనే క్లబ్బు ఆయన్ని క్లాసు నుంచి తప్పించింది.

తర్వాత రెండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. గుళ్లో ఎదురుపడితే చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటించాను. రేపు వెళ్లి నిజం చెబుదామనుకుంటూనే మూడేళ్లు గడిపేశాను.

అంత్యక్రియల రోజు ఫ్యూనరల్ హోమ్ గుమ్మం దగ్గరే ఆంటీకి అంతా చెప్పేశాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"తెలుసు నాన్నా. ఆ రోజే చెప్పారు. కుర్రాడు భయపడ్డాడు, తేరుకుని వాడే వస్తాడులే అన్నారు. చాన్నాళ్లు నీకోసం ఎదురుచూశారు."

లోపల ఆఖరిచూపు వరుసలో నా ముందు ఉన్నది ఆ రేంజ్ ఆఫీసరే. భుజం తట్టి చెప్పాను. అంకుల్ ఆ ఒర ఎన్నడూ చూడలేదని, అబద్ధం నాదని.

"పోయినేడు మళ్లీ క్లాసు తీసుకోమని ఆయన్ని అడిగాం," అన్నాడతను. "ఒకసారి సరిగ్గా చూడలేకపోయాను, ఇంక నాకు వద్దులే అన్నారు."

ముందున్నవాళ్లు పెట్టె వైపు కదిలారు. మేమిద్దరం కదల్లేదు. వరుసలో మా ముందు ఖాళీ పెరుగుతూనే ఉంది.