రెండో ముర్రాట

నా భర్తను సముద్రం తీసుకున్న మరుసటి ఏడు, అక్కుపల్లి నుంచి టెక్కలి దగ్గర చుట్టాల ఊరికి అమ్మవారి సంబరానికి వెళ్ళాను. అక్కడ పసుపునీళ్ల ముర్రాట ఎత్తుకుని ముందు నడుస్తున్నామె ఒంటిమీద చీర ఉంది, గొంతు మాత్రం మగగొంతు. చీర కట్టాడని మా ఊళ్ళో నా కొడుకుని ముర్రాట కుండ ముట్టుకోనివ్వలేదు. వాడు పలాసలో రైలెక్కి వెళ్ళిపోయాడు.

"నిన్నెలా ఎత్తనిచ్చారమ్మా?" అన్నాను.

నవ్వింది. "ఊరికే ఎవులిత్తారు పిన్నీ? మాయమ్మ గుడికాడ తన కుండ దించీసి కూకుండిపోనాది. నా కూతురు ఎత్తకపోతే నానూ ఎత్తనంది. ఆడోలందరూ దించీసినారు. మరి అమ్మోరికి నీల్లెవులు పోత్తారు, మీసాలోలా?"

అప్పటినుంచి మా ఊళ్ళో ప్రతి సంబరానికీ రెండు కుండలకు పసుపు రాసి, ఒక్కటీ ఎత్తకుండా గుడి ముందు కూర్చుంటున్నాను. పెద్దలు తిడతారు. పలాస బస్సు చప్పుడైతే తల తిప్పి చూస్తాను.

"ఎవులి కోసమే రెండోది?" అంటారు.

"నా కూతురికి" అంటాను.