ఒక స్టాపు ముందే దిగేవాళ్ళం

మొన్న జహీరాబాద్‌లో పట్నం బస్సెక్కాం. ఆడవాళ్ళకు టికెట్టు ఉచితమే అయినా ఎక్కడ దిగేదీ చెప్పాలి కదా, నా పక్కన కూర్చున్న మేనకోడలు ఆధార్ కార్డు చూపిస్తూ, మానసిక రోగుల దవాఖాన గేటు కాడ ఇద్దరం దిగుతమన్నా అని కండక్టరుతో బస్సంతా వినబడేటట్టు చెప్పింది. నాకు తెలియకుండానే నా చెయ్యి పోయి దాని మణికట్టు పట్టుకుంది. పరీక్షలప్పటి నుంచి నిద్ర కరువై, ఊరికే గుండె దడదడలాడుతుంటే నెలకోసారి అక్కడి డాక్టరమ్మను కలుస్తోంది ఈ పిల్ల. ఇది మా మేనత్త కూతురి బిడ్డ. ఆ మాట దాని నోట వినగానే నాకు మేనత్తే కళ్ళముందు కదిలింది.

నా తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ స్టాపు పేరే మాకొక తిట్టు. బడిలో ఎవరైనా తిక్కగా మాట్లాడితే నిన్ను ఆడికే పంపాలె అనేవాళ్ళం. అలాంటిది, నేను పదో తరగతిలో ఉండగా, తొలి కాన్పుకు పుట్టింటికొచ్చిన మేనత్త ఆడపిల్లను కన్న కొద్దిరోజులకే మనిషి మారిపోయింది. తిండీ నిద్రా లేవు, పిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నా గోడకేసి చూస్తూ కూర్చునేది, ఎవరో పిలుస్తున్నారని వాకిట్లోకి పరుగెత్తేది. న్యాల్‌కల్ దగ్గరి అత్తింటివాళ్ళొస్తే, బాలింత నీరసంతో కళ్ళు మసకబారాయని నాయనమ్మ బుకాయించింది. నయమైనాక పంపుతామని వాళ్ళు పిల్లను ఎత్తుకుపోయారు. అసలు సంగతి తెలిస్తే పిల్లను ఇక జన్మలో ఇవ్వరని నాయనమ్మకు ఒకటే గుబులు.

అందుకే ఊళ్ళో అందరికీ కళ్ళ దవాఖాన అని చెప్పి బయల్దేరేవాళ్ళం. బస్సునిండా మన అల్లం బేరగాళ్ళూ తెలిసిన మొహాలే కాబట్టి ఒక స్టాపు ముందే దిగి, ఎండలో వెనకా ముందూ చూసుకుంటూ నడిచేవాళ్ళం. అత్త కొంగు ముఖం మీదికి లాక్కునేది. అందరికంటే మాకు ఎదురింటామె అంటేనే హడల్, ఆమె పుట్టినూరూ అత్త అత్తగారి ఊరూ ఒక్కటే. ఆమె కూడా ఎదిగిన కొడుక్కి పళ్ళ నొప్పని మాటిమాటికీ పట్నం పోయేది. ఉన్న పళ్ళన్నీ పీకించినా ఇన్నిసార్లు పోనక్కర్లేదని మేము నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు మేము ఇటునుంచి నడిచి గేటు దగ్గరికి చేరేసరికి, అటునుంచి కొడుకు చెయ్యి పట్టుకుని ఎదురింటామె వస్తోంది. ముందు బస్సులో వచ్చి, ఒక స్టాపు అవతల దిగి, వెనక్కి నడిచి వస్తోందన్నమాట. నెలల తరబడి సరిగా మాట్లాడని అత్త కొంగు తొలగించుకుని, "చిన్నమ్మా, నీ కొడుకు పండ్లు ఈడనే పీకుతున్నరా?" అంది. "నీ కండ్లు ఈడ చూసినప్పుడు, వీని పండ్లు ఈడ పీకరా బిడ్డా?" అందామె. ముందు అత్త నవ్వింది, తర్వాత అందరం నవ్వాం. ఆ వెంటనే ముసలివాళ్ళిద్దరూ గోడవారగా కూలబడి, ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు.

ఎవరికి భయపడ్డామో ఆమే, మందులకు అత్త కుదుటపడ్డాక, నాయనమ్మను వెంటబెట్టుకుని న్యాల్‌కల్ వైపు పోయింది. వాళ్ళ వాకిట్లో నిలబడి, నా కొడుకు గూడ గదే దవాఖాన మందులు మింగుతుండు, దుకాణం నడుపుతుండు, జరమొస్తే తల్లి కాడికెళ్లి పిల్లను గుంజుకుంటరా అని అడిగిందట. పెద్ద గొడవే అయింది. చివరికి అత్త మామగారే మెత్తబడి, పిల్లను తెచ్చి అత్త ఒళ్ళో పెట్టాడు. పిల్ల కొత్త మనిషిని చూసినట్టు ఏడ్చింది, అత్త కూడా ఏడ్చింది, సాయంత్రానికి ఇద్దరూ ఒకే పక్కలో నిద్రపోయారు. ఆ తర్వాత రెండిళ్ళ వాళ్ళమూ ఒకే బస్సులో పోయి గేటు దగ్గరే దిగేవాళ్ళం. మొదటిసారి ఆ టికెట్టు అడిగినప్పుడు బస్సులోని తలలన్నీ మా వైపు తిరిగాయి, నాయనమ్మ మాత్రం కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చుంది.

మొన్న ఒక్క తలా తిరగలేదు, ఎవరి ఫోను వాళ్ళది. గేటు దగ్గర దిగి నేను అప్పట్లో మేము దిగిన ముందరి స్టాపు వైపే చూస్తూ నిలబడిపోతే, ఎండల నిలవడ్డవేందత్తా అని పిల్ల నా చెయ్యి పట్టుకుంది. కాలం మారినందుకు సంతోషమే, కాదనను. కానీ మొదటిరోజు నుంచే ఇలా గేటు దగ్గరే చెయ్యి పట్టుకుని దింపేవాళ్ళు ఉన్న కాలంలో మా అత్త పుట్టలేదు కదా అనుకుంటూ పిల్ల వెంట లోపలికి నడిచాను. ఆమెను దాచడానికి మేము పడ్డ పాట్లలో సగమైనా, ఆమె పక్కన కూర్చుని ఏమైంది బిడ్డా అని అడగడానికి పడి ఉంటే ఎంత బాగుండేది.