గోబర్ గ్యాస్ కుర్మయ్య సంతాప సభ

కుర్మయ్య పని నుంచి వస్తున్నాడంటే శంషాబాద్‌లో వాళ్ల వీధి మలుపులోనే తెలిసిపోయేది. ముందు వాసన వచ్చేది, దాని వెనక పాట, ఆ తర్వాత మనిషి. వాసన, పాట రెండింటిలో పాటనే భరించలేమని భార్య రాములమ్మ అనేది.

పెళ్లినాటికి అతను ఇటుక, సిమెంటు పని చేసే సుతారి. శంషాబాద్ చుట్టూ ఇళ్లు లేస్తున్న రోజుల్లో ఎవరో గోబర్ గ్యాస్ తొట్టి మీద గుమ్మటం కట్టడానికి పిలిచారు. కట్టాడు. పేడనీళ్లలోంచి నీలం మంట పుట్టడం చూసి, అమ్మవారే ఎదురొచ్చినట్టు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. అంతే, ఇళ్లు కట్టడం మానేశాడు. కొత్తూరు దగ్గర ఒక చిన్న కంపెనీలో చేరి, ఎయిర్‌పోర్టు వైపు హోటళ్లలో మిగిలిన అన్నమూ కూరలూ పేడతో కలిపి గ్యాస్ చేసే పనిలో పడ్డాడు.

"సిమెంటు వాసనకైతే ఒప్పుకున్న గని, పేడ సంగతి పెండ్లిచూపులల్ల ఎవ్వలు చెప్పలే" అని రాములమ్మ ఊరంతా చెప్పుకుంది. వాకిట్లో నల్లా కింద స్నానం చేయనిదే గడప దాటనిచ్చేది కాదు. పిల్లలు మాత్రం అంతసేపు ఆగేవారు కాదు. కవిత, శేఖర్ ఇద్దరూ ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో తండ్రి మెడకు వేలాడేవారు.

రాములమ్మ తెల్లారి షిఫ్టుకు ఫ్యాక్టరీకి పోయేది కాబట్టి కవిత జడలు కుర్మయ్యే వేసేవాడు. ఎడ్లకు పలుపు పేనినట్టు పేనేవాడు. ఒకటి చెవి మీద, ఇంకొకటి మెడ దగ్గర. టీచరు నవ్వితే కవిత, "మా బాపు ఏసిండు" అని గొప్పగా చెప్పి వచ్చేది. శేఖర్ పదో తరగతి తప్పిన రోజు కుర్మయ్య వాడకట్టంతా మిఠాయి పంచాడు. "పాసైతే అందరు పంచుతరు. తప్పిన పోరని నోరు చేదుగ ఉంటది, వానికి కదా తీపి కావాలె?" అన్నాడు. కోపమొస్తే మాత్రం విమానం మోత కూడా వినబడకుండా అరిచేవాడు. తాతయ్యాక చిన్న మనవరాలితో అష్టాచెమ్మ ఆడినా దొంగాట ఆడేవాడు.

మొన్న ఎండాకాలంలో ఒక సాయంత్రం ఛాతీ పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

"దవాఖానకు పోదాం నడువయ్యా" అంది రాములమ్మ.

"ఏం లేదే, గ్యాస్ పట్టింది. గ్యాస్ సంగతి నాకే చెప్తవా?" అన్నాడు కుర్మయ్య.

జీలకర్ర నీళ్లు తాగాడు. కాసేపటికి చెమటలు పట్టాయి. శేఖర్ ఆటో తెచ్చి దవాఖానకు చేర్చేసరికే ప్రాణం పోయింది. గ్యాస్ కాదు, గుండె. "జన్మల ఒక్కసారి గ్యాస్ సంగతిల తప్పిండు" అని చుట్టాలు ఏడ్చారు. ఒక్కసారేం కాదని రాములమ్మకు తెలుసు.

దినాలయ్యాక కంపెనీవాళ్లు షెడ్డులో సంతాప సభ పెట్టారు. పూలదండ వేసిన ఫోటో, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. యజమాని నవీన్‌కుమార్‌ది కోస్తా వైపు ఊరు, మాట బహు మర్యాద. "కుర్మయ్యగారు మితభాషి. ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. శాంతమూర్తి" అన్నాడు. తర్వాత లేచిన మేనేజరు, ఆయనకు తప్పు చేయడమే తెలియదన్నాడు. ఇంకొకాయన ఋషి అన్నాడు.

రాములమ్మకు కాళ్లకింద చీమలు పాకినట్టయింది. కవిత వైపు వంగి, "బిడ్డా, జర ఆ ఫోటో చూడు. మనోనిదేనా?" అంది.

"అమ్మా, ఊకో."

ఊకోలేదు. లేచి మైకు దగ్గరికి పోయింది. పొగడ్తలు ఒక్కొక్కటి పడుతుంటే మొగుడు ఇంకోసారి చచ్చిపోతున్నట్టే అనిపించింది ఆమెకు.

"సారూ, మీరు మంచోళ్లు. గని మీరు చెప్పేటాయన నాకు ఎర్కలేదు. నా మొగడు ఒర్లుబోతు, కోపమొస్తే ఊరంత వినపడేటట్టు అరిచేటోడు. తప్పులంటరా, ఇనుండ్రి. మా ఇంటెనక గోబర్ గ్యాస్ కట్టిండు. బోనాలకు మా నాయిన ఐలయ్య తెల్లటి ధోతి కట్టుకొని వచ్చిండు. 'మామా, నీకొక ముచ్చట చూపిస్త' అని తొట్టికాడికి తోలుకపోయిండు. గొట్టంల పేడ అడ్డం పడ్డది. 'ఏం కాదు, నాకు తెల్వదా' అని కట్టెతోని పొడిసిండు. ఇగ చూడు, ధడేల్మని ఎగజిమ్మింది! మా నాయిన నెత్తి నుంచి కాళ్ల దాక పేడే."

ఎవరో కిసుక్కుమన్నారు. రాములమ్మ ఆగలేదు.

"మా నాయిన ఏమన్నడో ఎర్కనా? 'పెండ్లిల నేను నీ కాళ్లు కడిగితి. నువ్వు నన్ను నిలువెల్ల కడుగుతివి గదరా అల్లుడా' అన్నడు. ఈయన నవ్వీ నవ్వీ ఆ పేడలనే కూలవడ్డడు. ఇద్దరికి నేనే నీళ్లు పోసిన. ఈయన ప్యాంటు నాయినకు పట్టక, నా చీర చుట్టుకొని కూసొని మటన్ తిన్నడు!"

షెడ్డు దద్దరిల్లింది. నవ్వు ఆగకముందే తోటి పనివాడు మహేష్ లేచి, ఖాళీ తొట్టిలో కుర్మయ్య గుర్రుపెట్టి నిద్రపోతే, తొట్టిలో దయ్యం దూరిందని తామంతా పరుగెత్తిన సంగతి చెప్పాడు. నవీన్‌కుమార్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఆయన నన్ను చాటుగా గ్యాస్ బుడగ అనేవారండీ. నాకు తెలుసు" అన్నాడు. మేనేజరు నవ్వాపుకోలేక కుర్చీలోంచి జారిపోబోయాడు.

అందరూ నవ్వుతుంటే రాములమ్మ అలవాటుగా పక్కకు తిరిగింది, 'ఇన్నవా, నీ గురించే' అనడానికి. పక్కన మైకు కర్ర తప్ప ఎవరూ లేరు. అప్పుడు ఏడ్చింది, దవాఖానలో రాని ఏడుపు. కవిత వచ్చి పట్టుకుంది. ఎవరూ ఓదార్చడానికి తొందరపడలేదు. మహేష్ చాయ్ తెచ్చి చేతిలో పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో శేఖర్ తల్లి పక్కన కూర్చున్నాడు. "అమ్మా, బాపుది ఇంకోటి చెప్పవే. మాకు తెల్వనిది."

"మీకు చెప్పరానిది ఒకటుంది" అంది రాములమ్మ. ముందు సీటులోంచి కవిత వెనక్కి తిరిగింది. పెళ్లైన కొత్తలో సినిమాకని బయల్దేరి మొగుడు తప్పు బస్సెక్కించిన కథ మొదలైంది. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వుతుండగా శంషాబాద్ వెనకబడింది. కండక్టర్ ఆరాంఘర్ అని అరిచాకగానీ దిగాల్సిన స్టాపు దాటిపోయిందని ఎవరికీ తట్టలేదు.